నోరు కట్టించే కళ

ఇంట్లో ఒకరికి తిండి మీద అదుపు తప్పిందంటే మిగతావాళ్లందరికీ ఒక హక్కు దఖలు పడుతుంది. ఆ మనిషి ఒంటి గురించి, కంచం గురించి ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడే హక్కు. దాన్ని సక్రమంగా వాడుకోవడం తెలియక ఈ కాలం కుటుంబాలు వృథా చేసుకుంటున్నాయి. కొందరు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు. ఇంకొందరు మరీ బరితెగించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారు. మా రోజుల్లో ఎవరైనా అతిగా తింటే నలుగురిలో నాలుగు మాటలు అనేవాళ్లం. వాళ్లు నలుగురిలో తినడం మానేసేవాళ్లు. ఆ తర్వాత ఎక్కడ తినేవారో, ఎంత తినేవారో మా కంటపడేది కాదు. కంటపడనిది లేనట్టే గనక సమస్య తీరిపోయేది.

ఆ పాత పద్ధతిని మళ్లీ నిలబెట్టడానికే ఈ సలహాలు. తల్లులు, అత్తగార్లు, మేనమామలు, ఆడపడుచులు, ఎదురింటి ఆంటీలు, అందరికీ పనికొస్తాయి. తినే మనిషికి మాత్రం చూపించకండి.

ముందు మనిషిని గుర్తుపట్టండి

సుజాత అనే అమ్మాయి ఉందనుకుందాం. ముప్పై దాటింది, బ్యాంకులో ఉద్యోగం. పగలంతా ఆమె తిండి చూస్తే మీకే జాలేస్తుంది. పొద్దున్న నిమ్మరసం, మధ్యాహ్నం కీరా ముక్కలు, సాయంత్రం పంచదార లేని టీ. రాత్రి పదకొండు దాటాక వంటింట్లోకి వెళ్తుంది. లైటు వేయదు. జంతికల స్టీలు డబ్బా మూత ఒక్కసారిగా లాగితే టప్పుమంటుందని ఆమెకు తెలుసు. డబ్బాను పొట్టకు ఆనించుకుని, మూత చుట్టూ చున్నీ కప్పి, బొటనవేలితో ఒక అంచు నుంచి కొంచెం కొంచెంగా పైకి లేపుతుంది. జంతికల తర్వాత గిన్నెలో మిగిలిన చల్లన్నం, దాని మీద ఆవకాయ, కలపకుండానే. ఆ తర్వాత పిల్లల కోసం తెచ్చిన బ్రెడ్డు, దాని వెనకే సీసా అడుగున ఉన్న బెల్లం పాకం. తీపి మీద కారం, కారం మీద తీపి, నిలబడే, నమలకుండానే. ఆకలేసి కాదు, రుచికోసమూ కాదు. కడుపు బిగదీసుకుని నొప్పి పుట్టినా చెయ్యి ఆగదు. అరగంటలో అంతా అయిపోతుంది. అప్పుడు గిన్నె కడిగి బోర్లిస్తుంది. డబ్బాలో మిగిలిన నాలుగు జంతికల్నీ గుల్లగా పేర్చి నిండుగా కనిపించేట్టు సర్దుతుంది. పొద్దున్న టిఫిన్ వద్దంటుంది.

చూశారా ఎంత ఓపిక, ఎంత పనితనం! ఇంత నేర్పుగా మూత తీయగల మనిషికి నిగ్రహం లేదని మనం అనాలి. గట్టిగా అనాలి.

డాక్టర్లు దీనికి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరు పెట్టుకున్నారు. 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికా సైకియాట్రిస్టు, లావుగా ఉన్నవాళ్లలో కొందరు ఉన్నట్టుండి ఒక విడతలో అదుపు తప్పి బోలెడంత తింటారనీ, ఆ వెంటనే కుమిలిపోతారనీ రాశాడు. అక్కడ మొదలైన గొడవ 2013కి ముదిరింది. ఆ ఏడాది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎం-5లో దీన్ని విడి జబ్బుగా చేర్చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11 జాబితాలోనూ ఉంది, అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది. డీఎస్ఎం-5 లెక్క ప్రకారం రెండు గంటల లోపు, అదే పరిస్థితిలో మామూలు మనిషి తినేదానికంటే బాగా ఎక్కువ తినాలి. ఆపుదామన్నా ఆపలేకపోతున్నానని తినే మనిషికే అనిపించాలి. ఇలా వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు సాగాలి. గబగబా తినడం, ఆకలి లేకపోయినా తినడం, ఇబ్బంది పడేంతగా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే రోత పుట్టడం, ఈ అయిదింటిలో మూడైనా ఉండాలి. తిన్నది కక్కుకోవడం లాంటివి క్రమం తప్పకుండా చేస్తుంటే అది బులీమియా, వేరే జబ్బు.

ఇన్ని కొలతలు మనకెందుకు? బంతిలో పక్కవాడికంటే ఒక గారె ఎక్కువ తిన్నాడా లేదా, అంతే మన కొలత. వాళ్ల కొలతతో వచ్చే చిక్కు చూడండి. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు వేసిన ఘటోత్కచుడు పెళ్లివారి వంటకాలన్నీ ఊడ్చేస్తాడు కదా, అతనికీ ఈ జబ్బేనా అని ఓ డాక్టరుగారిని నిలదీశాను. కాదన్నాడు. సిగ్గు లేదు, దాపరికం లేదు, తిన్నాక ఏడుపు లేదు, అది కేవలం భోజనం అన్నాడు. అంటే గంగాళాలు ఖాళీ చేసినవాడికి జబ్బు లేదట, జంతికల డబ్బాతో చీకట్లో నిలబడ్డ పిల్లకి ఉందట! అసలు సంగతి తిండి ఎంత అన్నది కాదు, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది అని ఇంకో మాట కూడా అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

ఒక జాగ్రత్త. సన్నగా ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఉండదనే నమ్మండి. ఉంటుందనీ, మామూలు బరువున్నవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఎవరికీ తెలియకుండా దీనితో నెట్టుకొస్తుంటారనీ డాక్టర్లు అంటారు. అది ఒప్పుకుంటే చూడగానే కనిపెట్టేసే మన విద్యకు విలువేముంది?

మగపిల్లాడైతే ఇదంతా అక్కర్లేదు. హాస్టల్ గదిలో అర్ధరాత్రి ఒక్కడే ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ తెప్పించుకుని, తిన్నాక కవర్లు పక్కగది చెత్తబుట్టలో పడేస్తున్నాడని తెలిస్తే వీపు తట్టండి. మగాడన్నాక ఆ మాత్రం తినకపోతే ఎలా అనండి. వాడేదో చెప్పబోతాడు. బాహుబలి థాలీ పందెం పెట్టే హోటలు పేరు చెప్పి మాట మళ్లించండి. తిండి మానేసి చిక్కిపోయే అనోరెక్సియాలో ఉన్నంత ఆడామగా తేడా ఈ జబ్బులో లేదంటారు. వాడు చెప్పుకుంటేగా!

పస్తు పెట్టండి

మన పద్ధతికి ఇదే ప్రాణం. రాత్రి ఎక్కువ తిన్న మనిషికి పొద్దున్న ఏమీ పెట్టకూడదు. లెక్క సులువు. రాత్రి వెయ్యి కేలరీలు ఎక్కువైతే పగలు వెయ్యి కోసేస్తే సరి. సాయంత్రానికి ఆ మనిషి కళ్లు తిరిగి, చేతులు వణికి, మనసంతా వంటింటి చుట్టూ తిరుగుతుంటే అది పశ్చాత్తాపం అనుకోండి. రాత్రికి మళ్లీ డబ్బా మూత లేస్తే పగలు కోసింది చాలలేదని అర్థం. ఇంకాస్త కోయండి.

ఈ సలహాకు అడ్డంపడేవాళ్లు ఒక పాత ప్రయోగాన్ని పట్టుకొస్తారు. 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు మొదలుపెట్టింది. యుద్ధంలో తుపాకీ పట్టడానికి నిరాకరించిన యువకుల్లోంచి 36 మందిని ఏరుకున్నాడు. ఒంట్లోనూ మనసులోనూ గట్టివాళ్లనే తీసుకున్నాడు. ఆరు నెలలపాటు రోజుకు దాదాపు 1,570 కేలరీలే పెట్టాడు. బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు, రొట్టె, మాకరోనీ. వారానికి 22 మైళ్లు నడిపించాడు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేశారు. ఎప్పుడూ వంటింటి ముఖం చూడనివాళ్లు వంటకాల వివరాలు రాసుకున్నారు. ప్లేట్లు నాకారు. ఉన్న కాస్త భోజనాన్నీ గంటలకొద్దీ సాగదీసి తిన్నారు. నిఘా తప్పించుకుని దొంగతనంగా తిని, తర్వాత కుమిలిపోయినవాళ్లూ ఉన్నారు. కడుపునిండా పెట్టడం మొదలయ్యాక మరీ విచిత్రం. కొందరు పొట్ట పట్టనంత తిని, ఇంకా ఆకలిగానే ఉందన్నారు. వీళ్లెవరూ ముందునుంచీ తిండిపోతులు కారు. పస్తే వాళ్లను అలా చేసింది.

ఆ ప్రయోగం మనకు వర్తించదు. వాళ్లు తెల్లవాళ్లు, మగవాళ్లు, పైగా వాళ్లకు 1,570 కేలరీలు ఇచ్చారు. మన డైట్ చార్టుల్లో 1,200 దాటదు. ఆకలికి మాడిన మనిషి ఎలా ఉంటాడో చూద్దామని శాస్త్రజ్ఞులు పెట్టిన తిండికంటే, పెళ్లిచూపుల ముందు మనం పిల్లకు పెట్టేది తక్కువన్నమాట. మనం ఎంత ముందున్నామో చూడండి!

1975లో ఇంకో ప్రయోగం చేశారు. పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీములు ముందు పెట్టి, రుచి చెప్పమని వదిలేశారు. తిండి విషయంలో ఎప్పుడూ నోరు కట్టుకునే అలవాటు లేనివాళ్లు, మిల్క్‌షేక్ తాగాం కదా అని ఐస్‌క్రీము తగ్గించి తిన్నారు. ఎప్పుడూ డైటింగులో ఉండేవాళ్లు మాత్రం షేక్ తాగనప్పటికంటే తాగినప్పుడే ఎక్కువ తిన్నారు. ఎలాగూ ఇవాల్టి వ్రతం చెడింది, ఇక లెక్కేముంది అన్న లెక్క. ఆ లెక్క మనకు కొత్తదేం కాదు. ఆదివారం రాత్రి ఏ ఇంట్లో చూసినా, రేపు సోమవారం నుంచి డైటు గనక ఇవాళే ఆఖరు అని తినేవాళ్లు ఒకరుంటారు. అలాంటి ఆదివారాలు ఏడాదికి యాభై పైచిలుకు వస్తాయి.

కాబట్టి తిండిని మంచిదీ చెడ్డదీ అని రెండుగా చీల్చి, చెడ్డదాన్ని పూర్తిగా నిషేధించండి. అన్నం చెడ్డది. బెల్లం చెడ్డది. అరటిపండు కూడా చెడ్డదేనని ఎవరో యూట్యూబులో చెప్పారు. ఒక నెల కొబ్బరినూనె తాగించండి, మరో నెల చిరుధాన్యాలు తప్ప వేరేవి ముట్టనివ్వకండి, ఇంకో నెల సాయంత్రం ఆరు తర్వాత వంటింటికి తాళం వేయండి. నిషేధించిన వస్తువుకు ఎంత ఆకర్షణ వస్తుందో మద్యనిషేధం చూసిన మన తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కార్తీక సోమవారాలూ ఏకాదశులూ ఉండనే ఉన్నాయి. భక్తితో ఉపవాసం ఉండేవాళ్లకు ఎదుట దేవుడుంటాడు. మనవాళ్లకు బరువు చూసే మిషన్ ఉంటుంది. దాన్ని హాల్లో, టీవీ పక్కన పెట్టండి. రోజుకు రెండుసార్లు ఎక్కించండి. ఉప్పూ నీళ్లూ తేడా వస్తేనే పూటపూటకీ బరువు మారుతుందనీ, వారానికి ఒక్కసారి చూసుకుంటే చాలనీ చికిత్స చేసేవాళ్లు చెబుతారు. వారానికి ఒక్కసారైతే మిగతా ఆరు రోజులూ మనం ఏం మాట్లాడుకోవాలి?

పెట్టండి, అనండి

ఇది సున్నితమైన విద్య. కొత్తవాళ్లకు ఒక పట్టాన పట్టుబడదు. తమ్ముడి గృహప్రవేశానికి సుజాత వచ్చింది. భోజనాల దగ్గర కూర్చోబెట్టండి. పప్పు, గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్టు, పెరుగు వరకూ మీరే దగ్గరుండి వడ్డించండి. చాలు పిన్నీ అంటుంది. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందులోంచి నెయ్యి పోయండి. ‘ఇదేం తిండే, పిచ్చుక తిన్నట్టు! నా మీద ఒట్టు, ఇంకొక్క బొబ్బట్టు’ అనండి. నలుగురూ చూస్తున్నారు గనక ఆమె తింటుంది. ఆమె చెయ్యి కడుక్కుని తుడుచుకునే లోపు, అదే గొంతుతో, అదే ప్రేమతో, ‘ఒళ్లు చేశావే అమ్మడూ, కాస్త నోరు కట్టుకోకూడదూ’ అనండి. ఈ రెండు మాటల మధ్య ఎడం ఎంత తక్కువైతే పని అంత బాగా జరుగుతుంది. పది నిమిషాలు దాటిందంటే పట్టు తప్పుతుంది.

ఆ తర్వాత ఆమె కాసేపు కనిపించదు. సాయంత్రం అందరితోపాటు కాఫీ తాగదు. రాత్రికి తలనొప్పని పడుకుంటుంది. తెల్లారి మీ స్టోరు రూములో స్వీట్ల ట్రే ఒకటి తేలికైతే, నేను ముందే చెప్పలేదా అనడానికి మీకు వీలుంటుంది.

ఇంట్లో నిఘా కూడా ముఖ్యం. సున్నుండలు లెక్కపెట్టి డబ్బాలో పెట్టండి, లెక్కపెట్టినట్టు ఆమెకు తెలియనివ్వండి. ఫోన్లో స్విగ్గీ, జొమాటో పాత ఆర్డర్లు తీసి పిల్లల ముందు చదవండి. ‘మొన్న పదకొండూ నలభైకి రెండు పిజ్జాలా?’ అని అడిగి నవ్వండి. దీనివల్ల ఆమె తినడం తగ్గదు, ఆర్డరు పెట్టే చోటు మారుతుంది. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు దారిలో బేకరీ దగ్గర ఆగి, స్కూటీ మీదే కూర్చుని, హెల్మెట్ తీయకుండా అద్దం మాత్రం పైకెత్తి తింటుంది. అప్పుడిక మీ ఇంట్లో సున్నుండల లెక్క ఎప్పుడూ తప్పదు.

సిగ్గుపడితే మారతారన్నది మన పెద్దల నమ్మకం. సిగ్గు ఆ తిండికి మందు కాదు, ఇంధనం అంటారు చికిత్స చేసేవాళ్లు. సిగ్గుతో దాక్కుంటారు, దాక్కున్నచోట తింటారు, తిన్నందుకు మళ్లీ సిగ్గుపడతారట. దిగులు, ఒంటరితనం, ఎవరితోనో మాటపట్టింపు, ఆఫీసులో పడ్డ చీవాట్లు, ఇవన్నీ ఆ రాత్రి తిండికి దారితీస్తాయట. తింటున్న కాసేపూ ఆ గోల వినిపించకుండా పోతుందట. మనకు తెలిసినంతలో, పిల్ల కడుపునిండా తింటే సుఖంగా ఉన్నట్టే.

డాక్టరు మాట వినాల్సి వస్తే

ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి పరిస్థితి చెయ్యి దాటి, ఆ మనిషే సొంతంగా సైకియాట్రిస్టు దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో వెళ్లిపోతుంది. అక్కడ జరిగే వైద్యం వింటే మీకు నవ్వాగదు. ఎక్కువ తింటున్నానని వెళ్లిన మనిషికి, వేళకు తినమని చెబుతారు! పొద్దున్న టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకూడదు. రాత్రి అదుపు తప్పినా సరే, మర్నాడు టిఫిన్ మానకూడదు. ముఖ్యంగా మర్నాడే మానకూడదట. పగటి ఆకలి తీరితే రాత్రి జోరులో సగం దానంతటదే తగ్గుతుందన్నది వాళ్ల వాదన.

ఈ పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే ఆక్స్‌ఫర్డ్ సైకియాట్రిస్టు. దీన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, సీబీటీ అంటారు. రోగి చేతికి ఒక నోటుబుక్కు ఇస్తారు. ఏం తిన్నారు, ఎన్నింటికి, ఎక్కడ కూర్చుని, అప్పుడు మనసులో ఏముంది, అన్నీ అప్పటికప్పుడు రాసుకోవాలి. కేలరీలు రాయనక్కర్లేదు. రెండు మూడు వారాలు రాసేసరికి ఒక వరస బయటపడుతుంది. టిఫిన్ మానిన రోజు, అమ్మ ఫోన్ చేసిన రోజు, బ్యాంకులో నెలాఖరు రోజు. ఆ మూడూ ఒకే రోజు పడితే రాత్రి ఏమవుతుందో ముందే చెప్పేయొచ్చు. ముందే తెలిస్తే ఆ సాయంత్రానికి ఏదో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. తర్వాత భయపెట్టే తిండిని కూడా కొద్దికొద్దిగా కంచంలోకి రానిస్తారు. బొబ్బట్టుకు భయపడని స్థితి రావాలట. అద్దం, బరువు, మనిషి విలువ ఈ మూడింటికీ పడిన ముడిని కూడా విప్పుతారు.

ఆ నోటుబుక్కు కనిపిస్తే మీరు వెంటనే చదవాలి. మీ పేరు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టాలి.

ఇంగ్లండులో నైస్ అనే ఆరోగ్య సంస్థ 2017లో తెచ్చిన మార్గదర్శకాల్లో మొదటి మెట్టు ఇంకా చవక. ఈ పద్ధతి మీదే రాసిన పుస్తకం ఒకటి చేతికిచ్చి, మధ్యమధ్య కాసేపు ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడటం. అది పనిచేయకపోతే అలాంటివాళ్లందర్నీ కలిపి గుంపుగా చేసే సీబీటీ. అదీ కాకపోతే విడిగా. చుట్టూ ఉన్నవాళ్లతో సంబంధాల్లో ఎక్కడ చిక్కుపడిందో చూసే ఇంటర్‌పర్సనల్ థెరపీ కూడా బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. ఈ చివరిదానికి మాత్రం ఒప్పుకోకండి. ఆ పిల్లను ఏడిపించింది మనమేనని బయటపడే ప్రమాదం అందులోనే ఎక్కువ.

వీళ్ల వైద్యంలో అన్నిటికంటే ఘోరం ఇంకొకటి. బరువు తగ్గుతుందని మాట ఇవ్వరు. సీబీటీతో చాలామందిలో ఆ అదుపు తప్పే విడతలు బాగా తగ్గుతాయి, కొందరిలో పూర్తిగా ఆగిపోతాయి, కానీ దానివల్ల బరువు పెద్దగా తగ్గకపోవచ్చునని ముందే చెప్పేస్తారు. రాత్రిళ్లు నిద్రపోతోంది, ముఖంలో కళ వచ్చింది, అందరితో కలిసి కూర్చుని తింటోంది, కానీ మిషన్ మీద ముల్లు కదల్లేదు. మనకిది వైద్యమా? డబ్బులు తిరిగివ్వమని అడగాలి.

మందులా? 2015లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ లిస్‌డెక్సామ్‌ఫెటమిన్ అనే మందును పెద్దవాళ్లలో ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్న ఈ జబ్బుకు ఒప్పుకుంది. అది ఏకాగ్రత లోపానికి వాడే ఉత్తేజక మందు. దుర్వినియోగమయ్యే ప్రమాదం ఉందనీ, బరువు తగ్గడానికి వాడకూడదనీ దాని మీదే రాసి ఉంటుంది. దిగులుకు వాడే కొన్ని మాత్రలు, మూర్ఛకు వాడే టోపిరమేట్ కూడా కొందరికి డాక్టర్లు చూసి ఇస్తారు. మందు ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని ఆ నైస్ వాళ్లే అన్నారు. ఇంత తర్కం మనకు పడదు. 2025లో వెగోవీ, మౌంజారో అని బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాయి కదా, పెళ్లిలో కలిసిన వాళ్లెవరినైనా అడిగి మోతాదు రాయించుకోండి. అవి ఊబకాయానికీ షుగరుకూ ఆమోదం పొందినవి, ఈ జబ్బుకు కాదు. వేసుకునే ముందు తిండి చరిత్ర, మనసు చరిత్ర రెండూ డాక్టరు విచారించాలి. విచారిస్తే ఆలస్యమవుతుంది.

ఇంకా తొందరుంటే పొట్ట చిన్నది చేయించే ఆపరేషన్ ఉంది. ఊబకాయం ప్రాణం మీదికొచ్చినవాళ్లకు అది మంచి చికిత్సే. మంచి సర్జన్లు ముందు మానసిక పరీక్ష చేయిస్తారు. అదుపు తప్పే అలవాటు ఆపరేషన్‌తో పోయినట్టే పోయి కొందరిలో కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. పొట్ట చిన్నదైంది గనక ఈసారి గబగబా కాకుండా, కొద్దికొద్దిగా రోజంతా నములుతుంటారు. ఆ పరీక్ష ఎగ్గొట్టించే సర్జన్ ఎవరో వాకబు చేయండి.

పరీక్షలంటే గుర్తొచ్చింది. ఒలాంజపైన్ లాంటి కొన్ని మానసిక మందులు, స్టెరాయిడ్లు ఆకలిని విపరీతంగా పెంచుతాయి. షుగరున్నవాళ్లు రాత్రిపూట ఇలా తింటే మర్నాటి రీడింగులూ ఇన్సులిన్ మోతాదూ తారుమారవుతాయి. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. చెప్పాలంటే ఎవరూ తిట్టకూడదు. ఇక్కడ మాత్రం మన పద్ధతి కాస్త ఇబ్బంది పెడుతుంది.

ఎక్కడికి వెళ్లాలని సుజాత అడిగితే ఏం తెలియనట్టు ఉండండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వ సేవ ఉంది, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అడగరు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. పెద్ద ఊళ్లలో ప్రైవేటు సైకియాట్రిస్టులకు కొదవ లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఇన్సూరెన్సు ఇవ్వాలి. ఇవేవీ ఆమెకు చెప్పకండి. ‘ఎర్రగడ్డ’ అన్న మాటను మాత్రం తరచుగా వాడండి, ఎగతాళిగా. ఆ ఒక్క మాటకు ఎంతమంది గడప దాటకుండా ఆగిపోయారో లెక్కలేదు.

అయినా ఆమె వెళ్తానంటే వెంట మీరు వెళ్లండి. ఒంటరిగా పంపకండి. డాక్టరు ఆమెను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పండి. ‘ఏం లేదండీ, కాస్త నోరు ఆగదు, అంతే’ అనండి. నిద్ర ఎలా ఉందంటే బాగానే ఉందనండి. ఏడుస్తుందా అంటే చిన్నప్పటినుంచీ అంతేననండి. ఎప్పట్నుంచి ఇలా తింటోందని అడిగితే ఆమె తల దించుకుంటుంది. ఆ కాస్త సందు దొరగ్గానే ఆమె చిన్నప్పుడు తిరుపతి రైల్లో ఒక్కతే పన్నెండు ఇడ్లీలు తిన్న కథ ఎత్తుకోండి. కథ సగంలో ఉండగా ఆయన మిమ్మల్ని బయట కూర్చోమంటాడు. మర్యాదగానే అంటాడు. తలుపు మాత్రం మూసేస్తాడు.

కంగారు పడకండి. బయట బెంచీల మీద కూతుళ్లనూ కొడుకులనూ తీసుకొచ్చిన తల్లిదండ్రులు ఇంకా ఉంటారు. పక్కన కూర్చున్నావిడను ‘మీ అమ్మాయా? ఏం తింటుందండీ?’ అని అడగండి. ఆవిడ చెప్పడం మొదలుపెట్టేలోపే మీరు అందుకోండి.